సీటు రానివాడి ప్రశ్న

మార్చి నెలాఖరుకి కాలేజీల రిజల్ట్స్ వచ్చేస్తాయి. మే ఒకటో తారీకు లోపు ఎక్కడ చేరతారో చెప్పేయాలి. ఈ మధ్యలో ఉన్న నాలుగైదు వారాలూ బే ఏరియా తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ: స్టాన్‌ఫర్డా, బర్క్లీయా? నిజానికి రెండుచోట్లా సీటొచ్చి, ఏది వదులుకోవాలా అని తల పట్టుకునే పిల్లలు ఎక్కడో గానీ ఉండరు. స్టాన్‌ఫర్డ్ నూటికి నలుగురిని కూడా తీసుకోదు. బర్క్లీ పదిమంది పైచిలుకు తీసుకుంటుంది. అయినా ఎలిమెంటరీ స్కూలు పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ చర్చలోకి మహా సీరియస్‌గా దిగిపోతారు.

చర్చ నడిచే దారి ఎప్పుడూ ఒకటే. ఒకాయన ఫీజుల సంగతి ఎత్తుకుంటాడు. ఇంకొకాయన నెట్‌వర్క్ అంటాడు. ఒకావిడ క్లాసులో ఎంతమంది ఉంటారో చెప్తుంది. చివర్లో ఎవరో ఒకరు "ఇంతకీ పెట్టిన డబ్బుకి గిట్టుబాటవుతుందా?" అని తేల్చమంటారు. ఇంజినీర్లం కదా, పెళ్లి సంబంధాన్నైనా స్ప్రెడ్‌షీట్‌లో పెట్టగలం.

ఆ లెక్కంటే నాకు చిన్నచూపేం లేదు. ముందు దాన్నే సరిగ్గా వేసి చూద్దాం. నా అనుమానమల్లా ఒక్కటే. ఆ షీట్‌లో గీసిన గళ్లన్నీ సీటొచ్చినవాడి కోసం గీసినవే. ఒక యూనివర్సిటీ విలువ ఎంత అని అడిగేటప్పుడు, సీటు రానివాడి వైపు నుంచి కూడా చూడొద్దా? లెక్కకి వాళ్లే ఎక్కువమంది.

*

పేరున్న కాలేజీలో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తారన్నది అందరికీ తెలిసిందే. అది కాలేజీ గొప్పా, ఆ పిల్లల గొప్పా? ఈ చిక్కు విప్పడానికి స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ 2002లో ఒక మంచి ఉపాయం పట్టారు. ఇంచుమించు ఒకే రకం కాలేజీలకి అప్లై చేసి, ఒకే రకం కాలేజీల్లో సీట్లు వచ్చి, చివరికి వేర్వేరు చోట్ల చేరిన పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూశారు. 1976లో కాలేజీలో చేరిన బ్యాచ్ అది. అలా చూసేసరికి కాలేజీ పేరుకీ జీతానికీ ఉన్న సంబంధం దాదాపు మాయమైపోయింది. చురుకైన పిల్ల ఎక్కడ చదివినా చురుకైన పిల్లే. ఒక్క మినహాయింపు కనబడింది. ఆదాయం తక్కువున్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం ఉంది.

2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ ఇదే ప్రశ్నని ఇంకా పెద్ద ఎత్తున, పన్నుల రికార్డులు ముందేసుకుని అడిగారు. ఎనిమిది ఐవీ లీగ్ కాలేజీలు, వాటితో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో ఒకవైపు. పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీలు ఇంకోవైపు. సగటు సంపాదన చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ సంపాదనలో పైనున్న ఒక్క శాతంలోకి చేరే అవకాశం ఆ పన్నెండు ప్రైవేటు కాలేజీల వల్ల దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఘనమైన పేరున్న సంస్థల్లో పనిచేసే అవకాశం దాదాపు మూడు రెట్లవుతుంది.

మన భాషలో చెప్పాలంటే మంచి ఉద్యోగం, ఇల్లు, రెండు కార్లు, సంక్రాంతికి ఇండియా టికెట్లు, వీటికి బర్క్లీ బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆ పైన, దేశం ఎటు పోవాలో నిర్ణయించే గదుల్లో కూర్చోవాలంటే మాత్రం ప్రైవేటు గేటు నుంచి దారి దగ్గర.

అదే పేపర్‌లో ఉన్న మరో సంగతి మన చర్చల్లో ఎవరూ ఎత్తరు. ఒకే ఎస్ఏటీ స్కోరున్న ఇద్దరు పిల్లల్ని తీసుకోండి. ఒకరిది ఆదాయంలో పై ఒక్క శాతం ఇల్లు. ఇంకొకరిది మధ్యతరగతి. ఆ పన్నెండింటిలో ఒకదానిలో చేరే అవకాశం మొదటి పిల్లకి రెట్టింపు కంటే ఎక్కువ. కారణాలు మూడు. అమ్మో నాన్నో అక్కడే చదివి ఉండటం, ఆటల కోసం తీసుకోవడం, చదువుతో సంబంధం లేని "వ్యక్తిత్వ" మార్కులు. పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీల అడ్మిషన్లలో డబ్బున్న ఇళ్ల వైపు ఈ మొగ్గు కనబడలేదు.

పైకి తీసుకెళ్లే నిచ్చెన దగ్గర, ఆల్రెడీ పైనున్నవాళ్ల పిల్లలకి విడిగా ఒక తాడు కూడా వేలాడుతోందన్నమాట. లాభనష్టాల గళ్లలో ఇది ఇమడదు. న్యాయం సంగతి మొదలైంది.

*

ఈ రెండు యూనివర్సిటీల పుట్టుక చూస్తే తమాషాగా ఉంటుంది. 1862 జూలై 1న లింకన్ పసిఫిక్ రైల్వే చట్టం మీద సంతకం పెట్టాడు. దాంతో ప్రభుత్వ భూములు, ప్రభుత్వ బాండ్లు రైలు కంపెనీల చేతికొచ్చాయి. అందులో ఒక కంపెనీకి అధ్యక్షుడు లీలండ్ స్టాన్‌ఫర్డ్. మర్నాడే, జూలై 2న, లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం పెట్టాడు. రాష్ట్రాలకి భూములిచ్చి, వాటిమీద వచ్చిన డబ్బుతో కాలేజీలు పెట్టమన్న చట్టం అది. ఆ దన్నుతో 1868లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పుట్టింది. 1884లో స్టాన్‌ఫర్డ్ దంపతుల ఒక్కగానొక్క కొడుకు పదహారేళ్లయినా నిండకుండా టైఫాయిడ్‌తో పోయాడు. వాడి పేరు మీద తల్లిదండ్రులు పెట్టిన యూనివర్సిటీలో 1891లో క్లాసులు మొదలయ్యాయి. మొదటి పాతికేళ్లకు పైగా అక్కడ ట్యూషన్ ఫీజే లేదు.

ఒక్క రోజు తేడాతో ప్రభుత్వం పంచిన ఆస్తే రెండిటికీ మూలం. అంతకుముందు ఆ నేల మీద బతికిన జనాన్ని ఎవరూ ఏమీ అడగలేదన్నది కూడా రెండిటికీ వర్తిస్తుంది. ఆ తరవాతే దారులు వేరయ్యాయి. ఒకటి కుటుంబం ఇచ్చిన కానుకగా, ధర్మకర్తల చేతిలో ఎదిగింది. రెండోది రాష్ట్ర రాజ్యాంగంలోకెక్కి, జనానికి మాటిచ్చిన సంస్థగా ఎదిగింది. 1960లో క్లార్క్ కెర్ హయాంలో వచ్చిన మాస్టర్ ప్లాన్‌లో ఆ మాట అంకెలతో సహా ఉంది: హైస్కూల్లో పై ఎనిమిదో వంతు పిల్లలకి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఎక్కడో ఒకచోట చోటు, పై మూడో వంతుకి స్టేట్ కాలేజీల్లో చోటు, మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీ, అక్కడ బాగా చదివితే మళ్లీ పైకి రావడానికి దారి. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నది వేరే కథ. నిలబెట్టుకోలేదని నిలదీయడానికి ముందు ఒక మాటంటూ ఉండాలి. బర్క్లీకి అది ఉంది.

*

"లెగసీ" అంటే ఏమిటో ఒకసారి ఫోన్లో మా అమ్మకి చెప్పాల్సొచ్చింది. అమ్మానాన్నా అక్కడ చదివినా, యూనివర్సిటీకి పెద్ద విరాళాలిచ్చినా, పిల్లల అప్లికేషన్‌ని కాస్త ఎక్కువ దయతో చూస్తారని చెప్పాను.

"అంటే మేనేజ్‌మెంట్ కోటానే కదరా?"

"కాదమ్మా, అలా డైరెక్ట్‌గా డబ్బు తీసుకుని..."

"అదేలే."

మా అమ్మ ఇంటర్ దాకా చదివింది. సంగతి పట్టుకోవడానికి ఆమెకి అర నిమిషం పట్టింది. ఆలోచిస్తే మన మేనేజ్‌మెంట్ కోటాయే కాస్త నయమనిపిస్తుంది. నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటాలో చదివాను. డెబ్భై శాతం సీట్లు ర్యాంకు ప్రకారం, ముప్ఫై మేనేజ్‌మెంట్‌వి. ఆ లెక్క ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంటుంది. సీటు రానివాడికి తనకి ఏ తలుపు మూసుకుందో తెలుసు. "నాకు ర్యాంకు రాలేదు, మా నాన్న దగ్గర డబ్బు లేదు" అని రెండు ముక్కల్లో చెప్పగలడు. లెగసీ దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఇన్ని సీట్లని గీత లేదు. వాళ్ల ఉత్తరం మర్యాదగా ఉంటుంది, కారణం ఉండదు. పదిహేడేళ్ల పిల్ల ఆ ఉత్తరం చదువుకుని "నాలో ఏం తక్కువైంది?" అని కొన్నాళ్లు తనని తాను తవ్వుకుంటూ కూర్చుంటుంది. ఏమీ తక్కువ కాకపోయి ఉండొచ్చు.

2019 మార్చిలో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణం గుర్తుండే ఉంటుంది. ఒక దళారీ డబ్బున్నవాళ్ల దగ్గర తీసుకుని, కోచ్‌లకి ముట్టజెప్పి, ఆటలు రాని పిల్లల్ని ఆటగాళ్లని చేశాడు. స్టాన్‌ఫర్డ్ సెయిలింగ్ కోచ్ నేరం ఒప్పుకున్నాడు. అయితే ఆ డబ్బుని ఆయన సొంతానికి వాడుకోలేదు. అది సెయిలింగ్ టీమ్ ఖాతాకే వెళ్లింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. డబ్బున్న తండ్రి యూనివర్సిటీకే డబ్బిచ్చాడు, దాంతోపాటు కొడుక్కి సీటు ఆశించాడు. అదే తండ్రి సరైన ఆఫీసుకి వెళ్లి, ఇంకా చాలా పెద్ద చెక్కు రాసి, ఏమీ అడగకుండా చిరునవ్వు నవ్వి వచ్చేస్తే, దాని పేరు విరాళం. దొంగ సర్టిఫికెట్లు పుట్టించడం మోసమే, అందులో సందేహం లేదు. ఆ మోసాన్ని పక్కన పెట్టి డబ్బు నడిచిన దారి ఒక్కటే చూస్తే, నేరానికీ మర్యాదకీ మధ్య ఉన్న తేడా చెక్కు ఎంత పెద్దది, ఎవరి చేతికిచ్చారు అన్నదే.

బర్క్లీలో ఇలాంటివి జరగవా? జరిగాయి. 2020లో కాలిఫోర్నియా స్టేట్ ఆడిటర్ నాలుగు ప్రభుత్వ క్యాంపస్‌లని తవ్వి చూస్తే, ఆరేళ్లలో కనీసం 64 మందిని పరిచయాల మీద, విరాళాల మీద అడ్డదారిలో తీసుకున్నారని తేలింది. అందులో ఎక్కువ బర్క్లీవే. ప్రభుత్వ సంస్థ అంటే పవిత్రమైనదని వాదించేవాళ్లు ఈ రిపోర్టు చదివి తీరాలి.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో విషయం. బర్క్లీలో విరాళం చూసి సీటిచ్చారని తేలితే దాన్ని తప్పు అన్నారు. రిపోర్టు రాశారు. పేపర్లలో వచ్చింది. యూనివర్సిటీ సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో విరాళమిచ్చినవాళ్ల పిల్లలనీ, పాత విద్యార్థుల పిల్లలనీ ప్రత్యేకంగా చూడటం తప్పు కాదు, పాలసీ. ఒకే పని ఒకచోట కుంభకోణం, యాభై అరవై కిలోమీటర్ల అవతల ఆనవాయితీ. రెండిటికీ ఉన్న అసలు తేడా ఇక్కడుందని నాకనిపిస్తుంది. రెండుచోట్లా మనుషులు ఒక్కలాంటివాళ్లే. ఒకచోట మాత్రం "ఇది అన్యాయం" అన్న మాటకి ఒక అడ్రస్ ఉంది.

*

"ప్రైవేటు సంస్థ కదా, వాళ్ల సీట్లు వాళ్లిష్టం" అంటారు మావాళ్లు. ఈ మాటలో కొంత న్యాయముంది. నా ఇంటికి భోజనానికి ఎవర్ని పిలవాలో నా ఇష్టం. కానీ స్టాన్‌ఫర్డ్ అంత ప్రైవేటా? రైల్వే భూముల సంగతి పాతదని వదిలేద్దాం. అక్కడి రీసెర్చ్‌లో పెద్ద భాగం నడిచేది ఫెడరల్ ప్రభుత్వం డబ్బుతో. గూగుల్‌కి మూలమైన పని కూడా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఊతమిచ్చిన డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టు నీడలో మొలకెత్తిందే. విరాళాలకి పన్ను మినహాయింపులు సరేసరి. ఇంతమంది డబ్బు తిన్న సంస్థని ఆ ఇంతమందీ ఒక ప్రశ్న అడగొచ్చు కదా?

కాలిఫోర్నియా అడిగింది. కుంభకోణం తరవాత 2019లో, లెగసీ లెక్కలు బయటపెట్టమని చట్టం చేసింది. 2024 సెప్టెంబర్‌లో ఇంకో చట్టం: ప్రైవేటు కాలేజీలు కూడా పాత విద్యార్థుల, దాతల పిల్లలకి అడ్మిషన్లలో మొగ్గు చూపకూడదు. అది అమల్లోకి రావాల్సిన 2025లో స్టాన్‌ఫర్డ్ ఏం చేసిందో చూడండి. ఆ చట్టం పరిధి కాల్ గ్రాంట్ అనే రాష్ట్ర స్కాలర్‌షిప్‌తో ముడిపడి ఉంది. కాబట్టి కాల్ గ్రాంట్ నుంచే తప్పుకుంది. లెగసీ చూడటం కొనసాగిస్తామంది. పేద పిల్లలకి ఆ మేరకి డబ్బు తన జేబులోంచి ఇస్తానంది. పిల్లలకి పైసా నష్టం లేదు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క అంకె కూడా మారదు.

మారింది ఒక్కటే. అప్పటిదాకా ఆ పిల్లల చదువు ఖర్చులో రాష్ట్రానికి కాస్త వాటా ఉంది. ఆ వాటాతో పాటు ఒక ప్రశ్న అడిగే హక్కు వచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే అవసరం లేకుండా యూనివర్సిటీ ఆ వాటాని కొనేసింది. అడిగేవాళ్లని తప్పించుకోవడానికి ఎంత ఖర్చైనా పెట్టుకోగలగడమే ఇక్కడ "ప్రైవేటు" అన్నమాటకి అర్థం.

*

ఇక నాకు ఎదురయ్యే అభ్యంతరాలు.

మొదటిది బలమైనదే. ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లకి స్టాన్‌ఫర్డ్ ట్యూషన్, హాస్టల్, భోజనం అన్నీ దాదాపు ఉచితంగా ఇస్తుంది. అలాంటి పిల్లకి కొన్నిసార్లు బర్క్లీ కంటే స్టాన్‌ఫర్డే చవక. అలాంటప్పుడు ప్రభుత్వ సంస్థ గొప్పేంటి?

దీనికి నాకు తోచిన జవాబు మన ఊళ్లలోదే. గుళ్లో అన్నదానం ఉంటుంది, వీధి చివర రేషన్ షాపు ఉంటుంది. రుచి చూస్తే అన్నదానమే మిన్న. పప్పు, కూర, పెరుగు, ఒక్కోరోజు పులిహోర. రేషన్ బియ్యంలో రాళ్లు, నూకలు. కానీ రేషన్ బియ్యం బాగాలేకపోతే డీలర్‌తో పోట్లాడొచ్చు, ఎమ్మార్వో ఆఫీసుకెళ్లి కాగితం పెట్టొచ్చు, ఓటడగడానికి వచ్చినవాణ్ణి నిలదీయొచ్చు. అన్నదానంలో ఉప్పు తక్కువైందని ఎవరూ అనరు. అనకూడదు కూడా. పెట్టినవాడి దయ అది. ఆకలి రెండిటితోనూ తీరుతుంది. రేషన్ కార్డు మాత్రం ఆకలితో పాటు ఇంకోటి కూడా ఇస్తుంది. మనిషి తల ఎత్తుకుని గట్టిగా అడగడానికి ఒక జాగా.

రెండో అభ్యంతరం: బర్క్లీ మాత్రం పదిలో తొమ్మిదిమందిని కాదనట్లేదా? వాళ్లకి కారణం చెప్తోందా? లేదు. ఒక్కో పిల్లకీ జవాబు దొరకదు. నిబంధనలకి మాత్రం దొరుకుతుంది. రాష్ట్రం నుంచి వచ్చే డబ్బు తగ్గేకొద్దీ ఈ యూనివర్సిటీలు ఎక్కువ ఫీజు కట్టే బయటి రాష్ట్రాల, బయటి దేశాల పిల్లల్ని పెంచుకుంటూ పోయాయి. దానివల్ల స్థానిక పిల్లలకి నష్టం జరిగిందని 2016లో ఆడిటర్ గట్టిగా రాశారు. 2017లో రీజెంట్లు మొదటిసారి దానికి హద్దు గీశారు. చాలా క్యాంపస్‌లకి 18 శాతం, అప్పటికే అది దాటిన బర్క్లీలాంటి చోట్ల ఉన్నదానికంటే పెంచొద్దని. అందరికీ నచ్చే పరిష్కారం కాకపోవచ్చు. సీటు రానివాళ్ల గోడు ఒక నిబంధనగా మారడం అంటే మాత్రం ఇలాగే ఉంటుంది, నెమ్మదిగా, అరకొరగా.

మూడోది మైఖేల్ శాండెల్ లేవనెత్తింది. 2020లో వచ్చిన 'ది టిరనీ ఆఫ్ మెరిట్'ని ఆయన ఆ అడ్మిషన్ల కుంభకోణంతోనే మొదలుపెడతాడు. అడ్డదార్లన్నీ మూసేసి పూర్తిగా మెరిట్ మీదే సీట్లిచ్చినా జబ్బు పోదంటాడు. గెలిచినవాడు అంతా తన ప్రతిభే అనుకుని విర్రవీగుతాడు. ఓడినవాడు అంతా తన లోపమే అనుకుని కుంగిపోతాడు. అందుకని అర్హత ఉన్నవాళ్లందరి పేర్లూ వేసి లాటరీ తీయండంటాడు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాణ్ణి, నాకు ఈ మాట సూటిగా తగులుతుంది. ర్యాంకు వచ్చినవాళ్ల ఫొటోలు స్టాంపు సైజులో పేపరంతా నిండే ఊళ్లలో, రానివాడు ఎలా నడిచాడో మనకి తెలుసు. శాండెల్‌తో నాకు పేచీ లేదు. ఒకటే కలుపుతాను. లాటరీ కావాలన్నా, కోటా కావాలన్నా, పరీక్షే కావాలన్నా, ఆ మార్పు ఎవర్ని అడగాలి? ఎవర్నీ అడగలేని చోట ఎంత మంచి ఆలోచనైనా పుస్తకంలోనే ఉండిపోతుంది.

మన దగ్గర దీనికో మంచి ఉదాహరణ ఉంది. 2006 జేఈఈ కటాఫ్‌లు ఎలా తేల్చారో చెప్పమని, కొడుక్కి సీటు రాని ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ ఒకాయన సమాచార హక్కు చట్టం కింద ఐఐటీల వెంట పడ్డాడు. చట్టం వచ్చి అప్పటికి ఏడాదే. ఐఐటీలు సులువుగా చెప్పలేదు, ఏళ్ల తరబడి నడిచింది. మార్కులు, కీలు, కటాఫ్‌లు బయటపెట్టడం ఆ ఒత్తిడి తరవాతే క్రమంగా మామూలైంది. ఇవాళ జేఈఈ రాసే ప్రతి పిల్లా తన జవాబుల్ని కీతో పోల్చుకుంటోందంటే, అందులో ఒక సీటు రానివాడి తండ్రి మొండితనం ఉంది. ప్రైవేటు యూనివర్సిటీ మీద ఆ చట్టం అలా నేరుగా పనిచేయదు. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు ప్రైవేటు యూనివర్సిటీలు వరసగా వస్తున్నాయి. మంచి బిల్డింగులు, మంచి లాబ్‌లు, కొన్నిచోట్ల నిజంగానే మంచి టీచర్లు. ఇటు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టులు, సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు. గిట్టుబాటు లెక్క ప్రకారం ఎటు వెళ్లాలో చెప్పక్కర్లేదు. వెళ్లినవాళ్లని నేను తప్పుపట్టను. కాకపోతే, బాగా అడగగలిగినవాళ్లందరూ, అంటే చదువు, తీరిక, ఇంగ్లీషు ఉన్న తల్లిదండ్రులందరూ, అడగక్కర్లేని చోటికి వెళ్లిపోతే, మిగిలినవాళ్ల తరపున ఎవరు అడుగుతారు?

*

నాకు ఈ రాష్ట్రంలో పన్ను ఉంది, ఓటు లేదు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాను, అది ఎప్పటికి కదులుతుందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. అయినా ఆడిటర్ రిపోర్టు నేను చదవగలను. రీజెంట్ల మీటింగ్‌లో మామూలు జనం మాట్లాడటానికి కొంత టైమిస్తారు, కావాలంటే వెళ్లి మాట్లాడగలను. విన్నవాళ్లు పట్టించుకోకపోవచ్చు. అది వేరే విషయం.

మా అమ్మాయి ఇప్పుడు సెకండ్ గ్రేడ్. స్టాన్‌ఫర్డ్‌లో సీటొస్తే వద్దనను, అంత ఆదర్శం నాలో లేదు. కానీ ఎక్కువ అవకాశం రెండుచోట్లా రాకపోవడానికే ఉంది, అది లెక్కలే చెప్తున్నాయి. ఆ రోజు "ఎందుకు ఇవ్వలేదు నాన్నా?" అని అడిగితే ఏం చెప్పాలన్నది నాకు ముఖ్యం. బర్క్లీ విషయంలో చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. నిబంధనలు ఇవీ, అవి ఫలానావాళ్లు పెట్టారు, అన్యాయమనిపిస్తే ఫలానా చోటికి వెళ్లి అడగొచ్చు, ముందు చాలామంది అడిగారు, కొన్ని మారాయి. స్టాన్‌ఫర్డ్ విషయంలో ఎంత ఆలోచించినా నాకు ఒకటే జవాబు దొరుకుతోంది.

"వాళ్లిష్టం."